లైట్ తీసుకోలేని వాళ్లు సోషల్ మీడియాకు దూరం జరగడం ఎలా?

"అంత ఫీలవ్వకు, లైట్ తీసుకో" అని మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. అలా తీసుకోగలిగే వాళ్లకు ఈ వ్యాసంతో పెద్దగా పని లేదు. ముక్కూ మొహం తెలియని మనిషి ఇంకెవరి పోస్టు కిందో రాసిన వెటకారం చదివి, అది తననే అన్నట్టు గిలగిల్లాడిపోయి, స్నానం చేస్తూ కూడా దానికి జవాబు వెతుక్కునేవాళ్లు ఉంటారు చూడండి, వాళ్ల కోసం ఇది. బ్లూ టిక్ పడి కూడా రిప్లై రాకపోతే "నేనేమన్నా తప్పుగా అన్నానా" అని తాము పంపిన మెసేజ్‌నే మళ్లీ మళ్లీ చదువుకునేవాళ్ల కోసం. ఎక్కడో జరిగిన ప్రమాదం వీడియో అరనిమిషం కళ్లబడితే ఆ రోజంతా కడుపులో తిప్పుతున్నట్టు ఉండేవాళ్ల కోసం.

ఈ విషయం మీద దొరికే సలహాలు చాలావరకు టైమ్ చుట్టూనే తిరుగుతాయి, రోజుకు ఇన్ని గంటలు వృథా, ఏడాదికి ఇన్ని రోజులు వృథా అంటూ. మీలాంటి వాళ్లకు ఆ లెక్క సరిపోదని నా అభిప్రాయం. మీరు ఫోను తీసి నాలుగు నిమిషాలే చూసి పక్కన పెట్టేశారనుకోండి, ఆ నాలుగు నిమిషాల్లో తగిలిన ఒక్క మాట సాయంత్రం దాకా లోపల తిరుగుతూనే ఉంటే, ఫోను చూపించే స్క్రీన్ టైమ్‌లో మాత్రం అది నాలుగు నిమిషాలే. ఫోను మూసేశాక కూడా మనసులో అది ఎంతసేపు నడుస్తోంది అన్నదాన్ని బట్టే ఏం వదలాలి, ఏం ఉంచుకోవాలి అని తేల్చుకోవాలి. కింద చెప్పేవన్నీ ఆ లెక్క ప్రకారమే చెప్తున్నాను.

ఇందులో మీ తప్పేం లేదు

సున్నితంగా ఉండటం జబ్బు కాదు. అమెరికన్ మనస్తత్వవేత్త ఎలైన్ ఏరన్ 1990ల నుంచి దీని మీదే పని చేస్తూ వచ్చారు. భర్త ఆర్థర్ ఏరన్‌తో కలిసి 1997లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని ఒక స్వభావ లక్షణంగానే చూశారు, జనంలో 15 నుంచి 20 శాతం మంది ఇలా ఉంటారని ఆమె అంచనా. అంటే ఒక గదిలో పదిమంది కూర్చుంటే అందులో ఒకరో ఇద్దరో మీలాంటి వాళ్లే. ఫోన్లో "హలో" అన్న తీరును బట్టే అవతలి మనిషి మనసు బాగా లేదని కనిపెట్టేది ఈ స్వభావమే, కాబట్టి దీన్ని మొద్దుబార్చుకోవాలని చూడకండి, ప్రయత్నించినా అది జరిగే పని కాదు. లోపలికి వచ్చేదాన్ని తగ్గించుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

ఫీడ్ ఎలా ఉంటుందో ఒక్కసారి గమనించండి. స్నేహితురాలి పాప పుట్టినరోజు ఫోటో, దాని కింద ఎవరిదో మరణవార్త, దాని కింద జోక్, తర్వాత చెప్పుల ప్రకటన, ఆ వెంటనే ఇద్దరు కొట్టుకునే వీడియో. ఇవన్నీ కలిపి నిమిషం కూడా పట్టదు. చాలామంది దేని దగ్గరా ఆగకుండా వేలితో తోసుకుంటూ వెళ్లిపోతారు. మీరు అలా కాదు, పాపను చూసి మురిసిపోతారు, మరణవార్త దగ్గర గుండె జారుతుంది, ఆ దిగులు దిగకముందే జోక్ వస్తుంది, నవ్వొచ్చినందుకు మళ్లీ లోపల గిల్టీ. నిజ జీవితంలో ఇన్ని భావాలు ఒక వారంలో కూడా రావు. పైగా ఆగడానికి ఒక చోటంటూ ఉండదు. లాగేకొద్దీ అంతు లేకుండా వస్తూనే ఉండే ఆ పద్ధతిని 2006లో తయారు చేసిన ఏజా రాస్కిన్ అనే డిజైనరే తర్వాత ఎందుకు చేశానా అని బాధపడ్డాడు.

ఎదుటివాళ్ల మూడ్ తెర మీద నుంచి కూడా అంటుకుంటుందా అంటే, కొంత అంటుకుంటుంది. 2012 జనవరిలో ఫేస్‌బుక్ ఒక వారం పాటు 6,89,003 మంది ఫీడ్‌లో కొందరికి సంతోషకరమైన పోస్టులు, కొందరికి బాధాకరమైన పోస్టులు తగ్గించి చూసింది. సంతోషకరమైనవి తగ్గినవాళ్లు తాము రాసే పోస్టుల్లోనూ అలాంటి మాటలు కాస్త తగ్గించేశారు. 2014లో ఇది బయటికొచ్చాక, అడగకుండా జనం మీద ప్రయోగం చేశారని పెద్ద గొడవే జరిగింది. నిజానికి కనబడిన తేడా చాలా చిన్నది, ఆ మాట కూడా చెప్పాలి. కానీ అది లక్షలమంది మీద తీసిన సగటు, ఏమీ పట్టని వాళ్లూ అన్నీ పట్టేవాళ్లూ అందరూ అందులోనే ఉన్నారు.

వదిలేముందు, ఏది గుచ్చుతోందో పట్టుకోండి

ఒక రాత్రి మనసు విరిగి అన్ని యాప్‌లూ తీసేయడం, మూడో రోజుకు అన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవడం చాలామందికి అలవాటైన వ్యవహారమే. అలా జరిగేది పట్టుదల లేక అనుకుంటారు గానీ, అసలు దేన్నుంచి పారిపోతున్నామో తేల్చుకోకుండా అంతా ఒకేసారి విసిరి కొట్టడం వల్లే ఎక్కువసార్లు తిరిగి వస్తాం, ఎందుకంటే విసిరేసిన వాటిలో మనకు నిజంగా కావాల్సినవి కూడా ఉంటాయి.

కాబట్టి ముందు కొద్ది రోజులు ఏదీ మానొద్దు. మామూలుగా చూసినట్టే చూడండి, యాప్ మూసేటప్పుడు మాత్రం ఒక కాగితం మీద ఒక్క లైన్ రాయండి. ఫోన్లో వద్దు, ఫోన్లో రాయబోతే మళ్లీ అందులోకే జారిపోతాం. ఆ లైన్లో మూడు సంగతులు ఉంటే చాలు: ఏం చూశారు, ఒంట్లో ఎక్కడ తెలిసింది, ఎప్పటిదాకా ఉంది. ఉదాహరణకు ఇలా: "మధ్యాహ్నం. పాత ఆఫీసు వాళ్లంతా కలుసుకున్న ఫోటో, నన్ను పిలవలేదు. గొంతు దగ్గర పట్టేసినట్టు. పడుకునేదాకా." లేదా ఇలా: "పొద్దున్న. రిజర్వేషన్ల మీద కామెంట్లలో తిట్టుకోవడం, నేనేం రాయలేదు. దవడ బిగుసుకుంది. గంట." ఒంటి సంగతి ఎందుకంటే, "నాకేం కాలేదు" అని మనసు చాలా తేలిగ్గా అబద్ధం చెప్పేస్తుంది, దవడ చెప్పదు.

నాలుగైదు రోజులకే ఆ కాగితం చూస్తే ఒక సంగతి తెలిసిపోతుంది: మీకు తగిలేవి రకరకాలుగా లేవు, ఒకటో రెండో రకాలే మళ్లీ మళ్లీ తగులుతున్నాయి.

కొందరికి పోలిక. మనుషులు తమ విలువ తెలుసుకోవడానికి పక్కవాళ్లతో పోల్చుకుంటారని లియోన్ ఫెస్టింజర్ 1954లోనే సిద్ధాంతం రాశాడు, అప్పటికి పోల్చుకోవడానికి వీధిలోవాళ్లూ ఆఫీసువాళ్లూ మాత్రమే ఉండేవాళ్లు. ఇప్పుడు చదువుకున్న రోజుల నుంచి పరిచయమైన ప్రతి ఒక్కరి ఇల్లూ, పెళ్లీ, ప్రమోషనూ మన అరచేతిలోకి వచ్చి పడుతున్నాయి, అదీ వాళ్లు ఏరి, సర్ది, మెరుగు పెట్టి చూపించినవి. కొందరికి గొడవలు, తాము అందులో లేకపోయినా సరే, ఎవరి గొంతు పెరిగినా వీళ్ల గుండె వేగం పెరుగుతుంది. కొందరికి పట్టించుకోకపోవడం, అంటే తక్కువ పడ్డ లైకులు, చూసి కూడా మాట్లాడని మనిషి. ఇంకొందరికి పరాయి దుఃఖం, ఎవరో తెలియని తల్లి ఏడుపు వీడియో చూసి ఆ ఏడుపును మోసుకు తిరుగుతారు.

ఇది తేల్చుకోవడం ఎందుకంటే, ఒక్కోదానికి మందు వేరు. పోలికతో బాధపడేవాళ్లు నలుగురైదుగుర్ని మ్యూట్ చేస్తే సగం భారం దిగిపోతుంది, యాప్ మొత్తం మానేయాల్సిన పని లేదు. గొడవలు తగిలేవాళ్లు కామెంట్లు తెరవకుండా ఉండటం నేర్చుకోవాలి, వాళ్లకు పోస్టులతో పెద్ద ఇబ్బంది ఉండదు. పట్టించుకోకపోవడం గుచ్చేవాళ్లకు మ్యూట్ వల్ల ప్రయోజనం ఏమీ లేదు, లైకుల లెక్కలూ బ్లూ టిక్‌లూ కనబడకుండా చేసుకోవాలి. పరాయి దుఃఖం మోసేవాళ్లకు వీడియోలు వాటంతటవే ఆడకుండా ఆపేయడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

ఎంత దూరం జరగాలి

ఒక్కసారిగా చివరి మెట్టు మీదికి దూకనక్కర్లేదు. అన్నిటికంటే తక్కువ శబ్దం చేసే పని మ్యూట్. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకరి పోస్టులనూ స్టోరీలనూ మ్యూట్ చేస్తే ఆ సంగతి వాళ్లకు తెలియదు. ఫేస్‌బుక్‌లో స్నేహితుడిగా ఉంచుకుంటూనే అన్‌ఫాలో చేయొచ్చు, అంత దూరం వద్దనుకుంటే 30 రోజులు మాత్రమే కనబడకుండా పెట్టే స్నూజ్ కూడా ఉంది. వాట్సాప్‌లో ఎవరి స్టేటస్‌నైనా మ్యూట్ చేయొచ్చు, గ్రూపును శాశ్వతంగా మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయొచ్చు. 2022 నుంచి గ్రూపులోంచి బయటికొస్తే ఆ కబురు అందరికీ వెళ్లదు, అడ్మిన్లకు మాత్రమే వెళ్తుంది, కాబట్టి "ఏమనుకుంటారో" అని ఏళ్ల తరబడి భరిస్తున్న గ్రూపులు ఏమన్నా ఉంటే వాటి గురించి మళ్లీ ఆలోచించండి.

బ్లూ టిక్ సంగతి విడిగా చెప్పాలి. ప్రైవసీ సెట్టింగ్స్‌లో రీడ్ రిసీట్స్ ఆపేస్తే మీరు చదివినట్టు అవతలివాళ్లకు తెలియదు, వాళ్లు చదివినట్టు మీకూ తెలియదు. చాలామంది ఈ రెండో భాగాన్ని నష్టం అనుకుంటారు. మీకు అదే అసలు లాభం. చూసి కూడా రిప్లై ఇవ్వలేదన్న సంగతి తెలిసే దారే లేనప్పుడు, దాని చుట్టూ కథలు అల్లుకోవడానికి మనసుకు ముడిసరుకు దొరకదు. లాస్ట్ సీన్ కూడా అంతే, మీది దాస్తే వాళ్లది మీకు కనబడదు. గ్రూపు మెసేజ్‌లకు మాత్రం ఈ సెట్టింగ్ పని చేయదు, అక్కడ ఎవరు చదివారో తెలుస్తూనే ఉంటుంది. లైకుల లెక్క దాచే వీలును ఇన్‌స్టా, ఫేస్‌బుక్ 2021లో తెచ్చాయి, మీ పోస్టులకూ దాచొచ్చు, ఎదుటివాళ్లవీ దాచుకోవచ్చు.

దాని తర్వాతి మెట్టు, ఫోన్లోంచి యాప్ తీసేయడం, అకౌంట్ మాత్రం అలాగే ఉంచుకోవడం. చూడాలనిపిస్తే కంప్యూటర్‌లోనో బ్రౌజర్‌లోనో లాగిన్ అయి చూడండి, పాస్‌వర్డ్ సేవ్ చేయొద్దు, అయిపోగానే లాగౌట్ అవ్వండి. చూడటానికి ఇదేం పెద్ద అడ్డంకి కాదు, కానీ పాస్‌వర్డ్ టైప్ చేసే ఆ కొన్ని సెకన్లలో "ఇప్పుడు ఎందుకు చూస్తున్నాను" అన్న ప్రశ్న తలలోకి రావడానికి సందు దొరుకుతుంది. నన్నడిగితే ఎక్కువమందికి ఈ మెట్టు సరిపోతుంది.

ఇంకా కావాలంటే డీయాక్టివేట్. ఫేస్‌బుక్‌లో ఎంతకాలమైనా అలా ఉంచొచ్చు, మెసెంజర్ కావాలంటే వాడుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో మళ్లీ లాగిన్ అయితే అకౌంట్ తిరిగి తెరుచుకుంటుంది, అయితే వారానికి ఒక్కసారే డీయాక్టివేట్ చేయనిస్తుంది, కాబట్టి ఒక్క నిమిషం చూసొద్దామని లోపలికి వెళ్తే కొన్ని రోజులు అక్కడే చిక్కుకుంటారు. ఎక్స్ (పాత ట్విట్టర్) విషయంలో జాగ్రత్త. అక్కడ డీయాక్టివేట్ అంటే విరామం కాదు, 30 రోజుల్లోపు మళ్లీ లాగిన్ కాకపోతే అకౌంట్ పూర్తిగా పోతుంది. ఏళ్ల తరబడి రాసుకున్నవి పోయాక లబోదిబోమన్నా ప్రయోజనం లేదు.

పూర్తిగా డిలీట్ చేయాలంటే ముందు మీ ఫోటోలూ మెసేజ్‌లూ డౌన్‌లోడ్ చేసుకోండి, ఆ సదుపాయం సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఫేస్‌బుక్ అకౌంట్‌తో లాగిన్ అయ్యే వేరే యాప్‌లు ఏమన్నా ఉంటే వాటికి ఈమెయిల్, పాస్‌వర్డ్ పెట్టుకోండి, లేకపోతే వాటి తలుపులూ మూసుకుపోతాయి. మీరొక్కరే అడ్మిన్‌గా ఉన్న పేజీలూ గ్రూపులూ ఉంటే ఇంకొకరికి అప్పజెప్పండి. ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాలోనూ డిలీట్ నొక్కాక 30 రోజుల్లోపు మనసు మార్చుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఏడుస్తూ అర్ధరాత్రి డిలీట్ నొక్కకండి. అప్పుడు యాప్ తీసేసి పడుకోండి, అది చాలు. డిలీట్ చేయాలా వద్దా అన్నది కడుపు నిండి, నిద్ర తీరిన పొద్దున తేల్చుకోండి.

వెళ్తున్నానని చాటింపు వేయకండి

"కొన్నాళ్లు ఇక్కడ ఉండను, అందరూ బాగుండండి" అని పోస్టు పెట్టి వెళ్లడం మర్యాదగానే అనిపిస్తుంది. కానీ ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఆ పోస్టు కింద ఎవరు వద్దన్నారు, ఎవరు ఒక్క లైకుతో సరిపెట్టారు, ఫలానా మనిషి చూశాడా లేదా అని చూడటానికి ఆ సాయంత్రమే మళ్లీ లోపలికి వెళ్తారు. వెళ్లిపోతున్నానని చెప్పిన పోస్టే మిమ్మల్ని వెళ్లనివ్వదు.

అలా కాకుండా, మీరు కనబడకపోతే నిజంగా కంగారుపడే మనుషులు ఎవరో చూసుకోండి, మామూలుగా వాళ్లు అయిదారుగురికి మించరు. వాళ్లకు విడివిడిగా ఒక మెసేజ్ పెట్టండి: "కొన్నాళ్లు ఇన్‌స్టా చూడను. ఏమన్నా ఉంటే ఫోన్ చెయ్, లేదా ఇక్కడే మెసేజ్ పెట్టు. కోపమేం లేదు, కాస్త రెస్ట్ కావాలంతే." ఆ "కోపమేం లేదు" అన్న ముక్క వదలకండి, అవతలివాళ్లలోనూ మీలాంటి వాళ్లు ఉండొచ్చు, వాళ్లు రాత్రంతా ఆలోచిస్తారు.

"నా ఫోటోకు లైక్ కూడా కొట్టలేదేంటి" అని ఎవరో ఒకరు అడుగుతారు. సంజాయిషీ పేరాలు రాయకండి. "ఈమధ్య చూడట్లేదు, ఫోటోలు నాకు ఇక్కడ పంపు, ఎలా జరిగిందో చెప్పు" అంటే సరిపోతుంది. లైకు కంటే ఈ రెండు మాటలే వాళ్లకు ఎక్కువ సంతోషం ఇస్తాయి. దానికి కూడా అలిగేవాళ్లుంటే అలగనివ్వండి, అందరి అలకలూ తీర్చుకుంటూ కూర్చుంటే మీరు వదిలిన పనే వేరే రూపంలో చేస్తున్నట్టు.

మొదటి రోజులు

మొదటి రెండు మూడు రోజులు బొటనవేలు దానంతటదే పనిచేస్తుంది. ఫోను తీయగానే ఆ యాప్ గుర్తు ఉండే చోటికి వెళ్లి నొక్కుతుంది, అక్కడ ఇప్పుడు క్యాలెండరో కాలిక్యులేటరో ఉంటుంది, అది తెరుచుకుంటుంది, ఒక్క క్షణం ఏం చేయబోయామో కూడా గుర్తు రాదు. జేబులో ఫోను వణికినట్టు అనిపిస్తుంది, తీస్తే ఏమీ ఉండదు. ఇది చాలామందికి జరిగేదే, కంగారు పడాల్సిందేం లేదు.

వేలు అలా వెళ్లిన ప్రతిసారీ మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా ఒక చిన్న ప్రశ్న వేసుకోండి: దీనికి ఒక్క నిమిషం ముందు ఏం జరిగింది? ఎవరో ఫోన్ పెట్టేశారు, పని దగ్గర ఒక ఈమెయిల్ వచ్చింది, ఇల్లు ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయింది, ఇలా ఏదో ఒకటి ఉంటుంది. దానికి పేరు పెట్టండి, పైకి అన్నా పర్లేదు: "ఒంటరిగా అనిపించింది", "అవమానంగా ఉంది", "భయమేసింది". అలా పేరు పెట్టి చెప్పుకుంటే భావం తీవ్రత తగ్గుతుంది, మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన మెదడు స్కానింగ్ అధ్యయనంలో భావానికి పేరు పెట్టినప్పుడు అమిగ్డలా అనే భాగం స్పందన తగ్గడం కనబడింది. ఊరికే "ఏదోలా ఉంది" అనుకుంటే అంతగా పని చేయకపోవచ్చు, సరైన మాట వెతుక్కోండి.

ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు. స్క్రోలింగ్ ఆపిన నాలుగో రోజుకో అయిదో రోజుకో మనసు తేలికవడానికి బదులు బరువెక్కొచ్చు. ఎప్పటివో బాధలు పైకి తేలతాయి, పోయిన మనిషి గుర్తొస్తారు, చెడిన స్నేహం గుర్తొస్తుంది. దూరం జరగడం వల్ల ఇవి పుట్టలేదు, ఫీడ్ మోత కింద అణిగి ఉన్నాయి, ఇప్పుడు మోత ఆగింది కాబట్టి వినబడుతున్నాయి. "మానేశాక ఇంకా దారుణంగా ఉంది" అని చాలామంది ఇక్కడే వెనక్కి వెళ్లిపోతారు. ఏడుపొస్తే ఏడవండి, రాయాలనిపిస్తే రాయండి, ఒకరితో చెప్పుకోగలిగితే మరీ మంచిది. కానీ ఆ ఖాళీని వెంటనే ఇంకో తెరతో నింపేయకండి, రీల్స్ మానేసి షార్ట్స్‌లో పడటం వల్ల ఒరిగేదేం లేదు. ఖాళీ టైమ్‌లో ఏం చేయాలన్న జాబితా నేను ఇవ్వను, నడక, పుస్తకం, మొక్కలు అంటూ అది అందరికీ తెలిసిందే. చేతులు రెండూ పట్టే పని ఏదైనా సరే, ఫోను పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండకూడదు, అంతే.

అద్భుతాలు మాత్రం ఆశించకండి. 2018లో అమెరికా మధ్యంతర ఎన్నికల ముందు కొందరికి డబ్బులిచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపించారు, హంట్ ఆల్కాట్ తదితరులు 2020లో ఆ ఫలితాలు ప్రచురించారు. రోజుకు సగటున గంట మిగిలింది, మనసు కాస్త కుదుటపడింది గానీ మరీ ఎక్కువేం కాదు, వార్తలు తెలియడం తగ్గింది, ప్రయోగం అయిపోయాక కూడా వాళ్లు ఫేస్‌బుక్ తక్కువే వాడారు. అదే 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థుల మీద చేసిన ఇంకో అధ్యయనం మీకు మరింత పనికొస్తుంది. అందులో ఎవరినీ పూర్తిగా మానమనలేదు, మూడు వారాలు ఒక్కో యాప్‌ను రోజుకు 10 నిమిషాలకు కుదించమన్నారు, ఒంటరితనమూ కుంగుబాటూ తగ్గాయి. అన్నీ తెంచేసుకోవాలన్న ఆలోచన భయపెడుతుంటే ఆ 10 నిమిషాలతోనే మొదలుపెట్టండి, ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ ఆ హద్దు పెట్టడానికే ఉన్నాయి.

చూడకపోతే పట్టించుకోనట్టేనా?

సున్నితమైన వాళ్లను ఎక్కువగా వెనక్కి లాగేది ఈ గిల్టీయే. ఎక్కడో యుద్ధం జరుగుతోంది, పిల్లలు చనిపోతున్నారు, నేను మాత్రం ప్రశాంతంగా ఉండాలని కళ్లు మూసుకుంటానా అని. మంచి మనసుకే ఈ ప్రశ్న వస్తుంది. కానీ ఆ వీడియో పదోసారి చూడటం వల్ల అక్కడివాళ్లకు ఒరిగింది ఏమైనా ఉందా అని కూడా మనల్ని మనం అడగాలి కదా. చూసి చూసి మీరు మంచం మీద నుంచి లేవలేని స్థితికి వస్తే, చేయగలిగే చిన్న సాయం కూడా చేయలేరు.

నేను చెప్పేది ఇది. వార్తలు చదవండి, చూడకండి. అక్షరాల్లో చదివిన ఘోరం కూడా బాధ పెడుతుంది గానీ, కదిలే బొమ్మలా కళ్లలో అతుక్కోదు. రోజులో ఒక్కసారి, పడుకునేముందు కాకుండా. ఫేస్‌బుక్, ఎక్స్ లాంటి వాటిలో వీడియో ఆటోప్లే ఆపేసే సెట్టింగ్ ఉంది, ఈరోజే ఆపేయండి. లోకంలోని కష్టాల్లో ఒక్కదాన్ని మీదిగా ఎంచుకుని దానికి డబ్బో, టైమో, నైపుణ్యమో ఏదో ఒకటి క్రమం తప్పకుండా ఇవ్వండి. మిగతావాటికి మీరు జవాబుదారీ కాదు.

పని కోసం తప్పనివాళ్లు

వ్యాపారం, కళ, ఉద్యోగం దాని మీదే నడిచేవాళ్లు మానేయలేరు, వాళ్లకు మానేయమని చెప్పడం తేలిక. పని అకౌంట్‌ను కంప్యూటర్‌కే పరిమితం చేయండి. పోస్టు పెట్టాక లేచి వెళ్లిపోండి, కామెంట్లు మర్నాడు ఒక వేళ పెట్టుకుని చూడండి. ఇన్‌స్టాలో మీకు గుచ్చే మాటలను ముందే జాబితాగా ఇచ్చి అలాంటి కామెంట్లు దాచేసే సెట్టింగ్ ఉంది, రంగు గురించో బరువు గురించో పదేపదే వచ్చే మాటలు అందులో పడేయండి. నమ్మకమైన మనిషి ఉంటే కామెంట్లు ముందు వాళ్లే చదివి, జవాబు ఇవ్వాల్సినవి మాత్రం మీకు చెప్పేలా చూసుకోండి. ఇందులో నామోషీ ఏం లేదు.

అలాగే, అరుదైన జబ్బు ఉన్నవాళ్లు, మంచాన పడ్డ మనిషిని చూసుకునేవాళ్లు, చుట్టుపక్కల తమలాంటి మనిషే దొరకనివాళ్లు ఉంటారు. వాళ్లకు ఆన్‌లైన్‌లో ఉన్న ఒక్క గ్రూపే ఆసరా కావొచ్చు. దాన్ని వదలకండి. ఫీడ్ వదిలేసి, నేరుగా ఆ గ్రూపు పేజీనే బుక్‌మార్క్ చేసుకుని అటు నుంచి అటే వెళ్లి రండి.

ఒక హెచ్చరిక. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, నిద్రా ఆకలీ చెడిపోతే, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి లేకపోతే, అది ఫోను సమస్యా కాదు, సున్నితత్వం సమస్యా కాదు, డాక్టర్‌ను కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే రెండు వారాలు ఆగొద్దు, ఈరోజే పక్కనున్న మనిషికి చెప్పండి.

మళ్లీ వెళ్లాలనిపిస్తే

వెళ్లొచ్చు, ఇదేం ఒట్టు కాదు. కానీ తిరిగి వెళ్లే రోజు మీరు ఎంచుకున్నదై ఉండాలి. గొడవ పడ్డ రోజు, ఒంట్లో బాగాలేని రోజు, ఎవరో ఏం పోస్టు చేశారో చూడాలని చేతులు దురద పెట్టిన రోజు వద్దు. వెళ్లేముందు ఆ పాత కాగితం తీసి చూడండి, ఏవి గుచ్చాయో అందులోనే రాసి ఉంది. లోపలికి అడుగు పెట్టగానే మొదటి పని ఫీడ్ చూడటం కాదు, ఫాలో అయ్యేవాళ్ల జాబితా తెరవడం. ఒక్కో పేరు చూసినప్పుడు ఒంట్లో ఏం తెలుస్తోందో గమనించండి. భుజాలు బిగుసుకుంటే మ్యూట్, వాళ్లు ఎంత మంచివాళ్లైనా సరే, వాళ్ల మంచితనానికీ దీనికీ సంబంధం లేదు. ఇన్‌స్టాలో సూచనలుగా వచ్చే పోస్టులను 30 రోజులు ఆపే వీలుంది, అదీ పెట్టుకోండి, నెల తిరగ్గానే మళ్లీ మొదలవుతాయి కాబట్టి ఆ తేదీ రాసి పెట్టుకోండి. అది అయ్యాక ఆ రోజుకు ఏమీ చూడకుండానే బయటికొచ్చేయండి. ఫీడ్ రేపు చూడొచ్చు, చూసినప్పుడు కాగితమూ పెన్నూ పక్కనే పెట్టుకోండి.